నా అనుభవం: ప్రసూతి సెలవు అడిగితే మా ఆయన్ని రమ్మన్నారు

నెల్లూరు దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. రెండో కానుపుకి సెలవు ఆర్డరు నిన్ననే చేతికొచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

డాక్టరు సర్టిఫికెట్ తేలిగ్గానే దొరికింది. దరఖాస్తు అర పేజీ కూడా లేదు.

అసలు కథంతా మేనేజరు గదిలో. షెడ్డులో రొయ్యలు వలిచే ఆడవాళ్లకి ప్రసూతి డబ్బు ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల బీమా సంస్థ ఇస్తుంది. నా జీతం 21,000 దాటింది కాబట్టి నేను అందులోకి రాను. 26 వారాల జీతం కంపెనీయే ఇవ్వాలి. మేనేజరు బాధంతా అదే. కాగితం చూసి, "మీ ఆయన్ని ఒకసారి రమ్మనండి" అన్నాడు. ఉద్యోగం నాది, కడుపు నాది, మధ్యలో మా ఆయనెందుకు?

వచ్చారు. ఆయనకి కుర్చీ, కాఫీ. ఏడో నెలలో ఉన్న నేను పక్కన నిలబడ్డాను. "మీరన్నా అర్థం చేసుకోండి సార్. ఆర్నెల్లు పని లేకుండా జీతం ఎట్టా ఇస్తాం? రాజీనామా రాసిమ్మనండి. బిడ్డ కాస్త ఎదిగాక చూద్దాం." తర్వాత నావైపు తిరిగి, "ఇంతటితో సరా, మూడోది కూడా ఉందా?" అని నవ్వు. తలుపు దగ్గర అటెండరు కూడా నవ్వాడు. మా ఆయన కాఫీ పూర్తిచేసి "ఆలోచిస్తాం సార్" అన్నారు. ఆ మాటకి ఇంటికొచ్చాక ఆయనకి పడాల్సింది పడింది.

2025 మార్చి 8న మార్కాపురం సభలో చంద్రబాబు గారు, ఎంతమంది పిల్లలున్నా మహిళా ఉద్యోగులకి ప్రసూతి సెలవు అని ప్రకటించిన కొద్దిరోజులకే ఇదంతా. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీకి పోటీ చేయకూడదన్న నిబంధన 2024లోనే ఎత్తేశారు. జనాభా తగ్గకుండా ఉండాలంటే స్త్రీకి సగటున 2.1 మంది పుట్టాలి, 2019-21 సర్వేలో మన రాష్ట్రంలో 1.7 మందే. ఎట్టా పెరుగుతుంది? కనమని చెప్పేవాళ్లు ఆ గదిలో నా పక్కన కాసేపు నిలబడాల్సింది. స్వీడన్‌లో తల్లిదండ్రులిద్దరికీ కలిపి 480 రోజుల సెలవు, డబ్బు సామాజిక బీమా నుంచి వస్తుంది. తండ్రి వంతు 90 రోజులు తల్లికి బదలాయించడానికి లేదు. ఇక్కడ మా మరిది గవర్నమెంటు టీచరు కాబట్టి 15 రోజులొచ్చాయి. ప్రైవేటులో ఉన్న మా ఆయనకి ఒక్కరోజూ లేదు.

ఇక మాటలు కట్టిపెట్టి రిజిస్టర్ పోస్టు పెట్టాను. అదే దరఖాస్తు, కింద ఇంకో రెండు వాక్యాలు: ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేస్తే చాలు ప్రసూతి సెలవు చట్టం వర్తిస్తుంది, ప్రసూతి సెలవులో ఉన్నామని ఉద్యోగంలోంచి తీసేయడం కుదరదు. నకలు కార్మిక శాఖకి. అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు తిరిగొచ్చాక మేనేజరు గొంతే మారిపోయింది. "ఇంతదూరం ఎందుకమ్మా, మనలో మనం మాట్లాడుకునేవాళ్లం కదా!"

నోటితో అడగొద్దు. తీపిగా మాట్లాడే హెచ్ఆర్‌ని అసలే నమ్మొద్దు. తేదీ లేని రాజీనామా మీద సంతకం పెట్టొద్దు, మా సెక్షన్లో నాకు ముందు కొందరు అట్టాగే ఇంటికి పోయారు. 50 మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే గది ఉండాలి. మా దగ్గర ఆ బోర్డున్న గదిలో థర్మోకోల్ పెట్టెలు ఉన్నాయి.

మా కంపెనీ వైద్యం ఖర్చు చూడదు కాబట్టి మెడికల్ బోనస్ 3,500 కూడా రావాలి. ఆర్డరులో దాని ఊసే లేదు. రెండో కవరు రాసిపెట్టాను, సోమవారం పోస్టాఫీసు తెరవగానే పడుతుంది.