ఏడు మీటర్ల రైలుదారి, పన్నెండు మంది, రెండు రోజులు

చిన్న నమూనా రైలుదారి (మోడల్ రైల్వే) కట్టడం నేర్పే వర్క్‌షాప్ తేదీ పంచాంగం చూసి పెట్టండి. పుష్య మాసంలో పెళ్ళి ముహూర్తాలుండవు కాబట్టి రాజమండ్రిలోనైనా, అమలాపురంలోనైనా, భీమవరంలోనైనా కల్యాణ మండపాల భోజనాల హాళ్ళు సులువుగా దొరుకుతాయి. పొడవాటి బల్లలు, ఫ్యాన్లు, చేతులు కడుక్కునే కొళాయిలు అన్నీ అక్కడే ఉంటాయి. సంక్రాంతి మూడు రోజులు వదిలి, ముందో వెనకో వచ్చే శనాదివారాలు తీసుకోవాలి. ఆషాఢంలో కూడా హాళ్ళు ఖాళీయే. కానీ ఆ వానల్లో ప్లైవుడ్ ఉబ్బుతుంది, ఫెవికాల్ రెండు రోజులైనా ఆరదు, వేసిన కంకర మీద బూజు పడుతుంది. ఆ నెల జోలికి పోవద్దు.

ఈ రెండు రోజులకి ఒకే లక్ష్యం పెట్టుకోవాలి. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, పన్నెండు మంది చేతులతో తయారైన ఆరు మాడ్యూళ్ళ (విడిగా చేసి వరసగా బిగించే చెక్క పెట్టెల్లాంటి దారి ముక్కలు) మీదుగా ఒక రైలు ఈ కొస నుంచి ఆ కొసకి ఆగకుండా వెళ్ళి, వెనక్కి రావాలి. దానికి ఏం కావాలో అంతే నేర్పాలి. డీసీసీ (ఇంజన్లని విడివిడిగా నడిపే డిజిటల్ పద్ధతి), సిగ్నళ్ళు, మోటారుతో కదిలే పాయింట్లు (రైలుని ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్ళించేవి) ఇంకో వర్క్‌షాప్‌కి ఉంచండి. అన్నీ ఒకేసారి చూపించాలనుకుంటే ఆదివారం సాయంత్రానికి ఆరు అందమైన చెక్కలు మిగులుతాయి గానీ వాటి మీద రైలు నడవదు.

స్కేలు హెచ్‌ఓ, అంటే 1:87, అసలుదానిలో 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ.ని 87తో భాగిస్తే 19.3 వస్తుంది కాబట్టి కచ్చితంగా చూస్తే దారి కాస్త ఇరుకే. కానీ రెడీమేడ్ పట్టాలు, చక్రాలు 16.5కే దొరుకుతాయి. మొదటిసారి నేర్చుకునేవాళ్ళని ఈ తేడా గురించి బెదరగొట్టక్కర్లేదు.

వంపులు వద్దు. చెన్నై ఐసీఎఫ్ కర్మాగారం చేసే మామూలు రైలు పెట్టె బఫర్ల కొస నుంచి కొసకి సుమారు 22.3 మీటర్లు, హెచ్‌ఓలో 25.6 సెం.మీ. పెట్టె పొడవుకి రెండున్నర రెట్ల వ్యాసార్థమైనా ఉంటేనే ఇంత పొడవు పెట్టెలు వంపులో నమ్మకంగా తిరుగుతాయి. అంటే 64 సెం.మీ. వృత్తం పూర్తి కావాలంటే బల్ల దాదాపు మీటరున్నర వెడల్పుండాలి. దాని బదులు తిన్నని ఒంటి లైను, మధ్యలో ఒక లూపు (పక్కకి విడిపోయి మళ్ళీ కలిసే రెండో దారి) చాలు. కాకినాడ–కోటిపల్లి లైన్లో తిరిగిన రైలుబస్సులాగా వెళ్ళి రావడమే మన టైంటేబుల్.

చెక్క పని వర్క్‌షాప్‌కి వారం ముందే అయిపోవాలి. 12 మి.మీ. బీడబ్ల్యూపీ (నీటిని తట్టుకునే) ప్లైవుడ్ 8×4 అడుగుల షీట్లు రెండు తీసుకోండి. ఎండీఎఫ్ (చెక్కపొట్టు అదిమి చేసిన పలక) చవకే గానీ డెల్టా తేమకి అంచులు బొరుగుల్లా ఉబ్బుతాయి. మొదటి షీటుని 400 మి.మీ. వెడల్పు ముక్కలుగా అడ్డంగా కోయిస్తే 1220×400 పలకలు ఆరు వస్తాయి. సరిగ్గా 16 అంగుళాలని చెప్తే రంపం తినే మందంతో ఆరోది చిన్నదైపోతుంది, కొలత మి.మీ.లలోనే ఇవ్వండి. రెండో షీటుని 90 మి.మీ. వెడల్పు పట్టీలుగా నిలువునా చీల్పిస్తే పదమూడు వస్తాయి. పక్క చట్రాలకి ఆరు, అడ్డపట్టీలకి నాలుగు పోగా మూడు మిగులుతాయి. అవి వంతెనకి పనికొస్తాయి. ఒక్కో మాడ్యూలుకి అడ్డపట్టీలు నాలుగు, 376 మి.మీ. పొడవు: కొసలకి రెండు, మధ్యలో రెండు. అన్ని ముఖాలకీ వుడ్ ప్రైమర్ ఒక పూత, కోసిన అంచులకి రెండు పూతలు వేయించండి. తేమ ఎక్కువగా లోపలికి పోయేది అంచుల్లోంచే.

శనివారం ఉదయమంతా మాడ్యూళ్ళ అతుకులకే కేటాయించాలి. రైలు పడిపోయేది దాదాపు ఎప్పుడూ అతుకు దగ్గరే. ముందు మాడ్యూళ్ళకి 1 నుంచి 6 దాకా నంబర్లు రాసి, ఆ వరుసని మార్చకూడదని అందరికీ చెప్పండి. ఏదైనా దేనికైనా తగిలించుకునే పద్ధతికి జిగ్గులు (బెజ్జాలు ఒకే చోట పడేలా చూసే అచ్చులు) కావాలి, రెండు రోజుల్లో అది కుదరదు. 1, 2 మాడ్యూళ్ళని బల్ల మీద పెట్టి పైతలాలు సమం చేయండి. మండపాల బల్లలు ఒకే ఎత్తులో ఉండవు, కాళ్ళ కింద అట్టముక్కలు పెట్టాల్సి వస్తుంది. కొసపట్టీలు రెంటినీ సి-క్లాంపులతో బిగించి, రెండింటి గుండా ఒకేసారి 8 మి.మీ. బెజ్జాలు రెండు వేయాలి. విడివిడిగా కొలిచి వేస్తే అర మిల్లీమీటరైనా తప్పుతుంది, ఆ అర మిల్లీమీటరు చాలు చక్రం ఎక్కడానికి. 8 మి.మీ. బోల్టు, రెండు వైపులా వాషర్లు, వింగ్ నట్టు. అతుకులు ఐదు కాబట్టి బోల్టులు పది, రెండు స్పేర్.

ఆరూ ఒకే వరుసగా బిగిశాకే పట్టా వేయాలి. కింద 3 మి.మీ. కార్క్ పట్టీ, 45 మి.మీ. వెడల్పు. పైన 914 మి.మీ. నికెల్ సిల్వర్ ఫ్లెక్స్ పట్టాలు (స్లీపర్లతో సహా జతగా వచ్చే, వంగే పట్టాలు). దారి పొడవు 7.3 మీటర్లు, లూపుకి రెండు మీటర్లు, తరుగుతో కలిపి పన్నెండు పట్టాలు, పాయింట్లు రెండు, పట్టాల కొసలు కలిపే లోహపు జాయినర్లు నలభై, కరెంటు దాటనివ్వని ప్లాస్టిక్ జాయినర్లు ఎనిమిది తెచ్చుకోండి. ఇత్తడి పట్టాలు మన సముద్రపు గాలికి త్వరగా నల్లబడతాయి, తీసుకోవద్దు.

అతుకు మీదుగా పట్టాని ముందు కోయకుండా నిరంతరంగా వేయాలి. అతుకుకి అటూ ఇటూ, కొసకి 10 మి.మీ. లోపల, ఒక్కో పట్టా కింద ఒక్కో ముప్పావు అంగుళం ఇత్తడి స్క్రూ బిగించండి. ఒక అతుకుకి నాలుగు, మొత్తం ఇరవై, రెండు చివర్లకి మరో నాలుగు. అక్కడి ప్లాస్టిక్ స్లీపర్లు తీసేయాలి. స్క్రూ తల పట్టా అడుగుని తాకీ తాకనట్టుండాలి. ఎత్తైతే అక్కడ దారి గూనెక్కుతుంది, పావు తిప్పు లోపలికి బిగిస్తే చాలు. తలని ఎమరీతో మెరిపించి, 60 వాట్ల ఐరన్‌తో టంకం పూసి, పట్టాని అతికించండి. రెండు వైపులా అతికాకే, కళ్ళద్దాలు పెట్టుకుని, సన్నని కటింగ్ డిస్కుతో అతుకు మీద పట్టాల్ని కోయాలి. అక్కడ కోత మందమే సందు. వానాకాలంలో చెక్క ఉబ్బి అది తగ్గుతుంది కాబట్టి పుష్యంలో మరీ ఇరుకుగా ఉంచకండి. కోశాక పట్టా లోపలి అంచున మిగిలే లోహపు పొరని సన్న ఆకురాయితో తీయాలి. గోరు పెట్టి రాస్తే ఎక్కడా తగలకూడదు.

మధ్యాహ్నం తీగల పని. భోజనం చేసి వచ్చాక అందరూ చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పులిహోర నూనె అంటిన పట్టా మీద టంకం పట్టదు. ఒక్కో మాడ్యూలు కింద 1.5 చ.మి.మీ. ఇంటి వైరు, ఎరుపొకటి నలుపొకటి. ఎరుపు ఎప్పుడూ కాలవ గట్టు (ఆదివారం దృశ్యంలో కాలవ వచ్చే పక్క) వైపు పట్టాకి అని గోడ మీద పెద్దగా రాసిపెట్టండి. ప్రతి పట్టా ముక్క నుంచీ 0.5 చ.మి.మీ. తీగ కిందికి దిగి ఆ వైరుని కలవాలి. జాయినర్ల గుండా కరెంటు పోతుందిలే అని వదిలేస్తే, ఆర్నెల్ల తరవాత తేమకి జాయినర్ లోపల పొర పట్టి రైలు ఆగుతుంది. మాడ్యూళ్ళ మధ్య డ్రోన్లవాళ్ళు వాడే ఎక్స్‌టీ60 కనెక్టర్లు పెట్టండి, తిరగేసి పెట్టడానికి వీలుండదు.

ఈ సన్నతీగలకి 25 వాట్ల ఐరన్లు నాలుగు చాలు. పట్టా బయటి పక్కనే అతికించాలి, లోపలి పక్క చక్రాలది. రెండు వైపులా తడిపిన దూది పెడితే స్లీపర్లు కరగవు. రెండు మూడు సెకన్లలో టంకం పారాలి. పారకపోతే ముందు పైకి చూడండి: నెత్తిన ఫ్యాను తిరుగుతుంటే ఐరన్ మొన చల్లారిపోతుంది. ఆ వరుస ఫ్యాన్లు ఆపి కిటికీలు తెరవండి. రేకు పనివాళ్ళ యాసిడ్ ఫ్లక్స్ (టంకం పట్టడానికి పూసేది) వద్దు, రోజిన్ ఒక్కటే. యాసిడ్ మిగిలితే ఈ తేమలో తీగ పచ్చగా చిలుము పడుతుంది.

పవరు 12 వోల్టుల డీసీ, 2 ఆంపియర్లు, షార్టయితే తనంతట ఆగే కంట్రోలరు. ఇన్వర్టర్ మీద పెట్టండి. ఒక కొసలో కంట్రోలరు పెట్టి ప్రతి అడుగుకీ రూపాయి బిళ్ళని రెండు పట్టాల మీద అడ్డంగా పెడుతూ వెళ్ళాలి. పెట్టిన ప్రతిచోటా కంట్రోలరు షార్ట్ దీపం వెలగాలి. వెలగని చోట తీగ టంకం సరిగా పట్టలేదు. తరవాత ఇంజన్‌తో పెట్టెల్ని లాగించడం కాదు, నెమ్మదిగా వెనక్కి నెట్టించి చూడండి. లాగినప్పుడు కనపడని తప్పు నెట్టినప్పుడు బయటపడుతుంది. ఒకే పెట్టె అన్నిచోట్లా పడుతుంటే దోషం దారిది కాదు, చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం 14.4–14.5 మి.మీ. ఉందో లేదో కొలవండి. రెండే ఇరుసులున్న చిన్న ఇంజన్ పాయింటు మీద ఆగిపోతుంటే ఆ పాయింటు క్రాసింగ్ ముక్కు (రెండు దారుల పట్టాలు కలిసే మొన) ప్లాస్టిక్‌ది. ముక్కులో కూడా కరెంటుండే పాయింట్లు కొంటే ఈ బాధ లేదు, కానీ ముక్కు దాటిన లోపలి పట్టాలు రెంటికీ ప్లాస్టిక్ జాయినర్లు పెట్టాలి, లేకపోతే షార్టవుతుంది.

రైలు శుభ్రంగా నడిచాకే, శనివారం సాయంత్రం, కంకర. రాత్రంతా ఆరడానికి సమయముంటుంది. కంకరకి గోదావరి ఇసుకే వాడొచ్చు, కానీ ఒక జాగ్రత్త ఉంది. అందులోని నల్ల రేణువుల్లో మాగ్నెటైట్ ఉంటుంది. ఇంజన్ మోటారులోని అయస్కాంతం వాటిని లాగేసుకుని పళ్ళచక్రాల్లోకి పంపుతుంది. పాత స్పీకరు అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఇసుకలో పదిసార్లు తిప్పండి, ఏమీ అంటుకోనిదాకా. అంతర్వేది, ఓడలరేవు తీరపు ఇసుక తేవద్దు. ఈ నల్ల ఖనిజాలకి తోడు ఉప్పు కూడా ఉంటుంది, అది తేమ లాగి పట్టాల్ని తినేస్తుంది. నిజమైన కంకర రాయి పెద్దది 65 మి.మీ., మన స్కేలులో 0.75. టీ వడపోతలో దిగి, మైదా జల్లెడలో ఆగేదే మనకి కావాలి. జల్లించాక రెండున్నర కిలోలుండాలి. రంగుకైతే క్రషర్ డస్ట్ ఇంకా బాగుంటుంది, మన లైన్లలో కనిపించే నల్లరాయి ఛాయ వస్తుంది. దానికీ అయస్కాంతం పరీక్ష తప్పదు.

పొడి కంకర మెత్తని బ్రష్షుతో సర్దాలి, స్లీపర్ల పైకి రాకూడదు. గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు కలిపిన నీళ్ళు పిచికారీ చేసి, ఒక వంతు ఫెవికాల్, రెండు వంతుల నీళ్ళు డ్రాపర్‌తో వదలండి. తడపకుండా జిగురు వేస్తే ఉండలు కట్టి గుంటలు పడతాయి. పాయింటులో కదిలే పట్టాల దగ్గర మాత్రం జిగురు చుక్క కూడా పోయకూడదు. అక్కడ గింజలు విడిగా, పలచగా చల్లితే చాలు.

ఆదివారం దృశ్యం. నేలకి కోనసీమ కొబ్బరి పీచు పొట్టుని మించింది లేదు. రెండుసార్లు మంచినీళ్ళలో కడిగి బాగా ఎండబెట్టండి, దాంట్లోనూ ఉప్పుంటుంది. ఊక వద్దు, పురుగు పడుతుంది. కొబ్బరిచెట్టు ఎత్తు 17 నుంచి 23 సెం.మీ. మధ్య ఉండాలి. సన్న రాగితీగలు మెలిపెట్టి, మాస్కింగ్ టేపు చుట్టి, పైన 5–6 సెం.మీ. కాగితపు మట్టలు పన్నెండు. అన్ని చెట్లూ నిట్టనిలువుగా పెట్టకండి, కాలవ గట్టు చెట్లు నీటి మీదికి వాలతాయి. నీటికి రెజిన్ వాడకండి. గట్టిపడటానికి రోజు పడుతుంది, తేమలో పైన తెల్లని పొర కడుతుంది. 2 మి.మీ. అక్రిలిక్ షీటు అడుగున రంగు వేసి బిగిస్తే పావుగంటలో నీళ్ళు సిద్ధం. కాలవకి ఆకుపచ్చ కలిసిన మట్టిరంగు, వరద గోదావరికి ఎర్రమట్టి రంగు.

నాలుగో మాడ్యూలు వంతెన. 1997లో వాడుకలోకి వచ్చిన మూడో గోదావరి రైలు వంతెనకి 28 విల్లు స్పాన్లు, ఒక్కోటి 97.55 మీటర్లు. హెచ్‌ఓలో ఒక స్పాన్ 112 సెం.మీ., మన 122 సెం.మీ. మాడ్యూలులో సరిగ్గా ఇముడుతుంది. ఈ ఒక్క మాడ్యూలుకి పలకని చట్రం అడుగున బిగించాలి, అదే నది. అడుగున 12, చట్రం 90, మొత్తం 102 మి.మీ., మిగతా మాడ్యూళ్ళ పైతలం ఎత్తే. దారికి 60 మి.మీ. వెడల్పు ప్లై పట్టీ తీసుకుని, అడ్డపట్టీల్లో 12 మి.మీ. గాడి కోసి దింపండి. దాని కింద మిగిలిన పట్టీని సన్నగా చీల్చి నిలువుగా అతికిస్తేనే మధ్యలో కుంగదు. పక్క చట్రాల్ని కిందికి కోస్తే నీళ్ళు కనిపిస్తాయి. విల్లుకి 5 మి.మీ. సన్‌బోర్డు (తేలికైన ఫోమ్ పలక). వంపు గీయడానికి పల్చని చెక్కపట్టీని మూడు మేకుల మధ్య వంచి, దాని వెంట పెన్సిలు నడిపించండి. రెండు విల్లులనీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకేసారి కోయాలి. లోపలి వెడల్పుని మీ దగ్గరున్న అతి పెద్ద పెట్టెతో చూసుకున్నాకే అతికించండి.

రెండున్నరకి పనులన్నీ ఆపించండి. పట్టాల మీది జిగురు, రంగు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డతో తుడవాలి. ఉప్పుకాగితం వాడితే గీతలు పడి అక్కడే మురికి చేరుతుంది. రాలిన కంకరకి చిన్న వ్యాక్యూమ్ పెట్టాకే ఇంజన్ ఎక్కించండి.

విప్పేటప్పుడు మాడ్యూళ్ళని రెండేసి ఎదురెదురుగా, మధ్యలో నిలువు పలకలు పెట్టి కట్టాలి. ప్లాస్టిక్ కవరు గట్టిగా చుట్టొద్దు, లోపల తేమ నిలుస్తుంది. పాత దుప్పటి చాలు. నేల మీద పెడితే చెద పడుతుంది, అటక మీదే ఉంచమని ఇంటికి పట్టుకెళ్ళేవాళ్ళకి చెప్పండి. బోల్టులు ఏ అతుకువి ఆ సంచిలో వేసి, నంబరు రాసి, ఆ మాడ్యూలు చట్రానికే కట్టండి.