ఏ సినిమా ఏ ఏడాదిది?

డిసెంబరు సగం గడిచేసరికి ఆ ఏడాది మేటి సినిమాల జాబితాలు వరుసగా వెలువడతాయి. ఏ సినిమాకు మొదటి స్థానం దక్కింది, దేనికి అన్యాయం జరిగింది అని అందరూ వాదించుకుంటారు గానీ, ఫలానా సినిమాను ఆ సంవత్సరపు సినిమాగా ఏ లెక్కన తీసుకున్నారని అడిగేవాళ్ళు తక్కువ. జాబితా రాసేవాడు ముందుగా జవాబు చెప్పుకోవలసింది ఆ ప్రశ్నకేనని నేను నమ్ముతాను. వరుస ఎవరి అభిరుచిని బట్టి వారు పేర్చుకోవచ్చు. అర్హత మాత్రం అన్ని సినిమాలకూ ఒకే కొలతతో తేలాలి. లేకపోతే కొన్ని మంచి సినిమాలు రెండేళ్ళ మధ్య ఎటూ కాకుండా పోతాయి, ఆ నష్టం ఎప్పుడూ చిన్న సినిమాలకే జరుగుతుంది.

ఈ చిక్కు ఎంత పెద్దదో తెలియడానికి ‘ఆర్ఆర్ఆర్’ ఒక్కటి చాలు. మనం దాన్ని హాళ్ళలో చూసింది 2022 మార్చి 25 నుంచి. ‘నాటు నాటు’ పాటకు 2023 మార్చిలో ఆస్కార్ వచ్చింది 2022 సంవత్సరపు చిత్రాల పోటీలో. అదే సినిమా 2023 ఆగస్టులో ప్రకటించిన 69వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఆరు బహుమతులు గెలుచుకుంది. ఆ పురస్కారాలు 2021 సంవత్సరానికి ఇచ్చినవి. జాతీయ పురస్కారాలకు సెన్సారు ధ్రువపత్రం మీది తేదీయే ప్రమాణం కావడం ఇందుకు కారణం. 2022 జనవరి 7న విడుదల చేయాలనే ఉద్దేశంతో ఆ సినిమాకు సెన్సారు ముందే పూర్తి చేయించుకున్నారు, తర్వాత కరోనా కారణంగా విడుదల వాయిదా పడింది. 2024 సంక్రాంతికి వచ్చిన ‘హను-మాన్’ 2023 సంవత్సరపు జాతీయ పురస్కారాల్లో కనిపించడానికీ ఇదే కారణం.

అమెరికాలో ఆస్కార్ ఇచ్చే అకాడమీ లెక్క వేరు. సినిమా నిడివి నలభై నిమిషాలు దాటాలి, వాళ్ళు నిర్ణయించిన నగరాల్లో ఒకచోట హాల్లో టిక్కెట్టు పెట్టి వరుసగా ఏడు రోజులైనా ఆడాలి. ఒకప్పుడు ఆ నగరం లాస్ ఏంజెలెస్ ఒక్కటే. అందువల్ల చాప్లిన్ 1952లో తీసిన ‘లైమ్‌లైట్’ ఆ నగరంలో 1972 దాకా ఆడకపోవడంతో, దాని సంగీతానికి 1973లో ఆస్కార్ వచ్చింది. ఇరవై ఏళ్ళనాటి సినిమా ఆ ఏటి కొత్త సినిమాలతో పోటీపడి గెలిచిందన్నమాట.

ఈ రెండు పద్ధతులనూ నేను తప్పుపట్టడం లేదు. బహుమతులిచ్చే సంస్థకు ఎవరూ కాదనలేని ఒక కాగితమో, ఒక హాలు లెక్కో కావాలి. కానీ ప్రేక్షకుడిగా జాబితా రాసేవాడికి సెన్సారు తేదీతో పనేముంది? అది ఒక కార్యాలయం లోపల జరిగే వ్యవహారం. చిత్రోత్సవంలో జరిగే ప్రదర్శనా అంతే. రీమా దాస్ అస్సామీలో తీసిన ‘విలేజ్ రాక్‌స్టార్స్’ 2017లో టొరంటో చిత్రోత్సవానికి వెళ్ళింది, 2017 సంవత్సరానికి జాతీయ ఉత్తమ చిత్రమైంది, మన దేశంలోని హాళ్ళకు వచ్చింది మాత్రం 2018 సెప్టెంబరు 28న. దాన్ని 2017 జాబితాలో చేర్చాలంటే ఆ ఏడాది చివర మామూలు మనిషి ఎవరూ చూడని సినిమాను చేర్చాలి. 2018లో చేర్చబోతే అది పాత సినిమా కదా అని తోసిపుచ్చేవాళ్ళుంటారు. రెండేళ్ళ మధ్య జారిపోవడం అంటే ఇదే.

అందుచేత నేను పెట్టుకున్న నియమం ఇది. మన దేశంలో ఎక్కడైనా సరే, ఏ భాషలోనైనా సరే, ఆహ్వానపత్రంతో పని లేకుండా మామూలు మనిషి టిక్కెట్టు కొనుక్కునో, ఇంట్లో ఓటీటీలోనో ఒక సినిమాను చూడగలిగిన మొదటి రోజు ఏ సంవత్సరంలో వస్తే అది ఆ సంవత్సరపు సినిమా. నేను దాన్ని ఎప్పుడు చూశానన్న దానితో సంబంధం లేదు.

ఈ చివరి మాట దగ్గరే గుణుపురంలో ఉండే మా బావకూ నాకూ పేచీ. మేముండేది ఒడిశాలోని పర్లాకిమిడిలో. సరిహద్దు దాటితే ఆంధ్రలోని పాతపట్నం, కానీ సినిమాల విషయంలో ఆ కొద్ది దూరమే చాలా దూరం. పెద్ద హీరో సినిమా అయితే మా వైపు హాళ్ళకు మొదటిరోజే రావచ్చు. చిన్న సినిమా చాలాసార్లు రాదు, వచ్చినా అది తెలుగులో ఆడుతుందో హిందీలో ఆడుతుందో ముందుగా చెప్పలేం. మన ఊరికి రాని సినిమా మనకు విడుదలైనట్టు ఎలా అవుతుంది, మన జాబితాకు మన హాలు తేదీయే ప్రమాణం కావాలి అని బావ వాదన. అందులోని బాధ నాకు అర్థమవుతుంది. అయినా ఒప్పుకోలేను. ఆ లెక్కన పర్లాకిమిడికి ఒక సంవత్సరం, రాయగడకు ఒక సంవత్సరం, బరంపురానికి మరొకటి వస్తాయి; ఒకరి జాబితాను ఇంకొకరు చదివి పోల్చుకునే వీలు పోతుంది. ఆలస్యంగా చూడటం మన ఇబ్బంది. దాన్ని తీసుకెళ్ళి సినిమా పుట్టిన తేదీ మీద రుద్దడం సరికాదు.

బావ మాటలో నేను తీసుకున్నది ఒకటుంది. చూడటానికి తగినంత గడువు ఇవ్వకుండా జాబితాను మూసేయకూడదు. 2021లో ‘అఖండ’ డిసెంబరు 2న, ‘పుష్ప’ 17న, ‘శ్యామ్ సింగరాయ్’ 24న వచ్చాయి. డిసెంబరు పదిహేనుకే జాబితా ప్రకటించినవారికి అందులో రెండు సినిమాలు లేనట్టే. మరుసటి ఏడాది వాటిని వెనక్కి వెళ్ళి చేర్చినవాళ్ళను నేను చూడలేదు. దీనికి ఎదురుగా ఇంకొక అన్యాయం ఉంది. సంక్రాంతికి వచ్చిన సినిమా డిసెంబరు నాటికి మనసులో పలచబడిపోతుంది. అందుకే చూసిన వారంలోపే ప్రతి సినిమా గురించి ఒక పేజీ రాసిపెట్టుకుంటాను, జాబితా వేసేటప్పుడు జనవరి పేజీలనే ముందుగా చదువుతాను.

మా దగ్గరి సినిమా ఒకటి ఈ నియమానికి గట్టి పరీక్ష పెట్టింది. కరుణకుమార్ తీసిన ‘పలాస 1978’ 2020 మార్చి 6న విడుదలైంది. పలాస మాకు పొరుగూరి కిందే లెక్క, అందులో పలికే శ్రీకాకుళం మాట మా ఇళ్ళలో మాట. అది వచ్చిన కొద్దిరోజులకే కరోనాతో హాళ్ళు మూతపడ్డాయి. హాల్లో ఎన్ని రోజులు ఆడింది, ఎంత వసూలు చేసింది అన్నది అర్హత అయితే ఆ సినిమా మొదటి గడపలోనే ఆగిపోతుంది. చాలామంది దాన్ని తర్వాత ఇంట్లోనే చూశారు. హాల్లో కనీసం ఇన్ని రోజులు ఆడాలన్న నియమం నేను పెట్టుకోకపోవడానికి ఇదొక్కటే చాలినంత కారణం. ఆ ఏడాదే నేరుగా ఓటీటీలో విడుదలైన ‘కలర్ ఫోటో’ 2020కి జాతీయ ఉత్తమ తెలుగు చిత్రంగా నిలిచిన తర్వాత, హాలు మెట్లెక్కని సినిమా సినిమాయే కాదనే వాదనకు బలం లేదు.

డబ్బింగు విషయం కొంత వివరంగా చెప్పాలి. ‘కాంతార’ కన్నడంలో 2022 సెప్టెంబరు 30న వచ్చింది, తెలుగులో అక్టోబరు 15న. రెండూ ఒకే ఏడాది కాబట్టి చిక్కు లేదు. ఒకవేళ తెలుగు రూపం మరుసటి జనవరిలో వచ్చినా నేను మొదటి తేదీనే తీసుకుంటాను. అయితే తెలుగు చిత్రాల జాబితాలో అలాంటి సినిమాకు చోటు ఇవ్వను, ఎందుకంటే అందులోని నటుల పెదవుల మీది మాట తెలుగు కాదు. శేఖర్ కమ్ముల ‘కుబేర’లా తెలుగు, తమిళ భాషలు రెండింటిలోనూ తీసిన సినిమాకు ఆ అడ్డంకి లేదు. దీని నుంచి మా ప్రాంతానికే చెందిన మరొక షరతు వచ్చింది: తెలుగు సినిమాను హాల్లో హిందీ గొంతులతో చూసి ఉంటే, తెలుగులో మళ్ళీ చూసేదాకా అది నేను చూసిన సినిమా కాదు. యాస పోయిన చోట పాత్ర సగం పోతుంది. నేను వినని సంభాషణల మీద తీర్పు చెప్పే హక్కు నాకు లేదు.

మళ్ళీ కూర్చిన సినిమాల సంగతి కొత్తగా వచ్చి పడింది. 2015, 2017 నాటి రెండు ‘బాహుబలి’ భాగాలను కలిపి 2025 అక్టోబరు 31న ‘బాహుబలి: ది ఎపిక్’ పేరుతో విడుదల చేశారు. కూర్పు కొత్తది, ఆ పనిలో నైపుణ్యం ఉంది, అయినా 2025 జాబితాలో దానికి చోటు లేదన్నది నా నిర్ణయం. మనం కొలుస్తున్న నటన, కథ, సంగీతం ఆ పాత సంవత్సరాలవే. 2025 జనవరిలో ఇరవై నిమిషాలు కలిపి మళ్ళీ వదిలిన ‘పుష్ప 2’ కూడా 2024 సినిమాయే.

ఒడియా సినిమాలను ఏం చేయాలన్నది నన్ను చాలా ఆలోచింపజేసింది. బరంపురంలో ఉండే మా అప్ప ఇంట్లో పిల్లలు తెలుగు, ఒడియా సినిమాలను తేడా లేకుండా చూస్తారు. మల్కన్‌గిరి కొండల నేపథ్యంలో 2022 నవంబరులో వచ్చిన ‘దమన్’ను ఆ ఏడాది నేను ఏ తెలుగు సినిమాకూ తీసిపోనిదిగా చూశాను; దానికి ఆ సంవత్సరపు జాతీయ ఉత్తమ ఒడియా చిత్ర పురస్కారం కూడా దక్కింది. తెలుగు జాబితాలో దాన్ని కలిపితే జాబితా పేరు అబద్ధమవుతుంది, వదిలేస్తే నేను చూసిన ఏడాది అబద్ధమవుతుంది. కాబట్టి రెండు జాబితాలు వేస్తున్నాను. ఒకటి తెలుగు చిత్రాలకు, రెండోది మా జిల్లాల తెలుగువాళ్ళు ఏ భాషలో చూసినవైనా సరే వాటికి. అర్హత తేదీ నియమం రెండింటికీ ఒకటే.

వెబ్ సిరీస్‌లు ఈ లెక్కలోకి రావు. ‘పిట్ట కథలు’ వంటి కథల సంపుటిని మాత్రం నాలుగు ముక్కలు చేయకుండా ఒకే చిత్రంగా పరిగణిస్తాను, ఎందుకంటే ప్రేక్షకుడికి అందించింది అలాగే.

చివరి వరకూ చూడని సినిమా ఏదీ, ఎంతమంది మెచ్చుకున్నా, జాబితాలోకి రాదు. కాకపోతే చూడాలనుకుని చూడలేకపోయిన సినిమాల పేర్లు జాబితా కిందనే రాస్తాను, ఆ తర్వాత చూసినప్పుడు వాటిలో అర్హమైనవాటిని అదే ఏడాది వరుసలో చేరుస్తాను. 2025 జాబితాను సంక్రాంతి వెళ్ళాక, జనవరి నెలాఖరున పెడతాను. డిసెంబరు విడుదలల్లో మా వైపు రానివాటి కోసం ఈలోగా పాతపట్నమో, అవసరమైతే శ్రీకాకుళమో వెళ్ళిరావాలి.