టెక్సస్‌లో స్కూల్ బోర్డు ఎలక్షన్, మొదటిసారి ఓటేసిన నా అనుభవం

డాలస్ నార్త్‌లో ఇల్లు వెతికే తెలుగు వాళ్ళెవరైనా ముందు చూసేది స్కూలే. ఇళ్ళు అమ్మే సైట్ జిల్లోలో ఇంటి ఫొటోల కింద గ్రేట్‌స్కూల్స్ వాళ్ళు స్కూల్‌కిచ్చే నంబర్ ఉంటుంది కదా, తొమ్మిదా పదా అని, అది చూశాకే ఈస్ట్ ఫేసింగా కాదా అన్న మాట వస్తుంది. మేమూ అలాగే కొన్నాం. కానీ ఆ స్కూళ్ళని నడిపేదెవరు, టీచర్ల జీతం ఎవరు ఫిక్స్ చేస్తారు, ఏ వీధి పిల్లలు ఏ స్కూల్‌కి పోవాలో గీత గీసేదెవరు, ఇవన్నీ నేను దగ్గర్నుంచి చూసింది 2025 మే ఎలక్షన్‌లోనే. అప్పటిదాకా ఓటు లేదు, హెచ్‌వన్‌బీ, ఆ తర్వాత గ్రీన్ కార్డ్, ఇన్నేళ్ళూ ట్యాక్స్ మాత్రం కడుతూ వచ్చాం, ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు తీసి చూడండి, అందులో అన్నిటికన్నా పెద్ద లైను స్కూల్ డిస్ట్రిక్ట్‌దే ఉంటుంది, అంటే మా ప్రాంతంలో ప్రభుత్వ స్కూళ్ళన్నిటినీ నడిపే సంస్థది.

ఆ ఏడాది మొదట్లో నాకు సిటిజన్‌షిప్ వచ్చింది. ఓత్ అయిపోయి బయటికొస్తుంటే వాలంటీర్లు టేబుల్ వేసుకుని ఓటర్ రిజిస్ట్రేషన్ ఫారాలు ఇస్తున్నారు, అక్కడే నింపి ఇచ్చేశా. ఇది ఎందుకు చెప్తున్నానంటే టెక్సస్‌లో కొత్తగా ఓటు రాయించుకోవాలంటే ఆన్‌లైన్‌లో కుదరదు, డ్రైవింగ్ లైసెన్స్ ఆన్‌లైన్ రెన్యువల్ అప్పుడు తప్ప. ఫారం కాగితం మీద నింపాలి, సంతకం పెట్టాలి, పోస్ట్‌లో వేయాలి లేదా చేతికివ్వాలి, అది కూడా ఎలక్షన్‌కి 30 రోజుల ముందే. 2025లో ఎలక్షన్ మే 3, గడువు ఏప్రిల్ 3. మా వీధిలో ఇద్దరు ముగ్గురు సిటిజన్లయి ఏళ్ళయినా ప్రెసిడెంట్ ఎలక్షన్‌కి చూద్దాంలే అని రిజిస్టర్ చేసుకోకుండా ఉండిపోయారు, వాళ్ళు ఈసారి ఓటేద్దామనుకునే సరికి తేదీ దాటిపోయింది, నాకు చాలా బాధేసింది.

అంత పట్టుదల ఎందుకొచ్చిందంటే, అంతకుముందు చలికాలంలో మా డిస్ట్రిక్ట్‌లో (పేరు రాయడం లేదు) పిల్లల సంఖ్య తగ్గుతోందని, ఎలిమెంటరీ స్కూళ్ళ బౌండరీలు మారుస్తామని, ఒకటి రెండు స్కూళ్ళు మూసే ఆలోచన కూడా ఉందని మీటింగులు మొదలయ్యాయి. ఇది మా ఒక్కరి కథ కాదు, పక్కనున్న ప్లేనో స్కూల్ డిస్ట్రిక్ట్ (ప్లేనో ఐఎస్‌డీ) 2024లో నాలుగు స్కూళ్ళు మూయాలని ఓటేసింది. ఇళ్ళ రేట్లు పెరిగి, చిన్నపిల్లలున్న కుటుంబాలు ఇంకా ఉత్తరాన ఉన్న సెలీనా, ప్రాస్పర్ ఊళ్ళ వైపు వెళ్ళిపోతున్నాయి, ఇక్కడ పిల్లలు పెద్దవాళ్ళై కాలేజీలకి పోతున్నారు. టెక్సస్ ప్రభుత్వం స్కూళ్ళకి డబ్బులిచ్చేది చేరిన పిల్లల లెక్క మీద కాదు, రోజూ ఎంతమంది హాజరయ్యారు అన్న సగటు మీద. పిల్లలు తగ్గితే డబ్బు తగ్గుతుంది, బస్సు, బిల్డింగ్, కరెంటు ఖర్చు మాత్రం అలాగే ఉంటుంది. పైగా రాష్ట్రం ఒక్కో పిల్లవాడికి లెక్కగట్టే బేసిక్ అలాట్‌మెంట్ 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయింది, ఆ మధ్యలో కోడిగుడ్ల ధర నుంచి ఇన్సూరెన్స్ దాకా ఏవెంత పెరిగాయో అందరికీ తెలిసిందే.

మా తెలుగు వాట్సాప్ గ్రూప్‌లో దీని మీద రోజూ రాత్రి పెద్ద చర్చ, మా పాప స్కూల్ మారుస్తారా, ఇంటి రేటు పడిపోతుందా, స్టేడియంకి డబ్బులున్నాయి గానీ టీచర్లకి లేవా అని. ఆ ఆఖరి ప్రశ్నకి జవాబు నాక్కూడా అప్పుడే తెలిసింది. డిస్ట్రిక్ట్ డబ్బు రెండు జేబుల్లో ఉంటుంది. ఒకటి జీతాలు, రోజువారీ ఖర్చు. రెండోది బాండ్ అప్పు తీర్చేది, దాంతో బిల్డింగులు కట్టొచ్చు, బస్సులు, కంప్యూటర్లు కొనొచ్చు, జీతం మాత్రం ఇవ్వకూడదు, చట్టం ఒప్పుకోదు. ఈ ఒక్క విషయం గ్రూప్‌లో వివరంగా రాస్తే సగం కోపాలు చల్లారాయి, మిగతా సగం అసలు ప్రశ్న వైపు తిరిగాయి, అంటే జీతాల జేబుని ఎలా వాడుతున్నారు, ఎవరు ఓటేసి వాడుతున్నారు అని.

ఓటేసేది ఏడుగురు ట్రస్టీలు. టెక్సస్‌లో చాలా డిస్ట్రిక్ట్‌లలో బోర్డు ఏడుగురే, వీళ్ళకి జీతం లేదు, బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండదు. సూపరింటెండెంట్‌ని పెట్టుకునేది, తీసేసేది, బడ్జెట్ పాస్ చేసేది, ట్యాక్స్ రేటు పెట్టేది, బౌండరీలు మార్చేది వీళ్ళే. మా దగ్గర సీట్లకి ప్లేస్ వన్, ప్లేస్ టూ అని నంబర్లుంటాయి, ఒక్కో ప్లేస్‌కి విడిగా పోటీ, కానీ డిస్ట్రిక్ట్‌లో అందరూ అన్ని ప్లేస్‌లకీ ఓటేయొచ్చు, ఎక్కువ ఓట్లొచ్చిన వాళ్ళే గెలిచినట్టు, యాభై శాతం రావాలన్న రూలు లేదు. మే నెల శనివారం ఎలక్షన్ కాబట్టి చాలా చోట్ల పది శాతం మంది వస్తే గొప్ప. అంటే వందల కోట్ల డాలర్ల ఆస్తులున్న సంస్థని ఎవరు నడపాలో మా కాలనీల్లో ఉండే కొద్దిమంది తేల్చేస్తున్నారు.

మా అమ్మకి ఒంగోలుకి ఫోన్ చేసి చెబితే, బడికి కూడా ఎలక్షనా అని ఆశ్చర్యపోలేదు, మన వీధి బడికీ మొన్న కమిటీ ఎన్నికలయ్యాయిగా అంది. నిజమే, 2024 ఆగస్టులో ఆంధ్రాలో స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలకి ఎన్నికలు జరిగాయి, విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళుండాలి. ఆ కమిటీకి ట్యాక్స్ వేసే అధికారం లేదు, ఇక్కడ బోర్డుకి ఉంది, అదే పెద్ద తేడా.

ఎవరికి ఓటేయాలో తేల్చుకోవడానికి ముందు డిస్ట్రిక్ట్ ఎలా చదివిస్తోందో చూడాలనుకున్నా. ఇక్కడే నాకు ఎక్కువ టైం పట్టింది, ఎక్కువ నేర్చుకున్నదీ ఇక్కడే. రాష్ట్ర విద్యాశాఖ, అంటే టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ, ప్రతి స్కూల్‌కీ, ప్రతి డిస్ట్రిక్ట్‌కీ ఎ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్ ఇస్తుంది. సరిగ్గా ఎర్లీ వోటింగ్ (ఎలక్షన్ రోజుకి ముందే ఓటేసే అవకాశం) నడుస్తున్న వారంలోనే, ఏప్రిల్ 24న, 2023 సంవత్సరం గ్రేడ్లు బయటికొచ్చాయి. రెండేళ్ళ పాతవి. హైస్కూల్‌లో కాలేజీకి, ఉద్యోగానికి, మిలిటరీకి రెడీగా ఉన్న పిల్లల లెక్కలో ఎ రావడానికి కావాల్సిన స్కోర్‌ని 60 నుంచి 88కి పెంచారని వందకి పైగా డిస్ట్రిక్ట్‌లు కోర్టుకెళ్ళాయి, అందుకే అన్నాళ్ళు ఆగాయి. గ్రూప్‌లో అందరూ ఆ అక్షరం స్క్రీన్‌షాట్ పెట్టి మన స్కూల్ పడిపోయింది, మీది నయం అని మొదలుపెట్టారు, అది అప్పటి థర్డ్ గ్రేడ్ పిల్లల స్కోరు, వాళ్ళిప్పుడు ఫిఫ్త్ గ్రేడ్‌లో ఉన్నారు అని చెప్పాల్సొచ్చింది.

ఆ అక్షరం ఎలా వస్తుందో తెలుసుకుంటే దాన్ని చూసే తీరే మారుతుంది. రాష్ట్రం ఏటా పెట్టే స్టార్ పరీక్షలో పిల్లలు ఎంత స్కోర్ చేశారన్నది ఒకటి, పోయినేడాది కన్నా ఎంత ముందుకెళ్ళారన్నది ఒకటి, ఈ రెండిట్లో ఏది బాగుంటే దానికి 70 శాతం వెయిట్, మిగతా 30 శాతం వెనకబడిన పిల్లల గుంపులు ఎలా ఉన్నాయన్నదానికి. అంటే బాగా చదివే పిల్లలు ఎక్కువుంటే, వెనకబడిన పిల్లలు ఇంకా వెనకబడినా ఆ స్కూల్‌కి మంచి అక్షరమే రావొచ్చు. అందుకే అదే ఏజెన్సీ వాళ్ళు ఏటా ఇచ్చే పర్ఫార్మెన్స్ రిపోర్ట్ తెరిచా, అందులో స్కూల్ వారీగా, గ్రేడ్ వారీగా, ఆర్థికంగా వెనకబడిన పిల్లలు, ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలు, ప్రత్యేక అవసరాలున్న (స్పెషల్ ఎడ్) పిల్లలు అని విడివిడిగా ఉంటుంది, కింది నుంచి పైకి అప్రోచెస్, మీట్స్, మాస్టర్స్ అని మూడు మెట్లు. మా వైపు స్కూళ్ళలో మాస్టర్స్ కళకళలాడుతోంది. హైవేకి అటుపక్క, అపార్ట్‌మెంట్ల దగ్గరున్న ఎలిమెంటరీలో థర్డ్ గ్రేడ్ రీడింగ్‌లో మీట్స్ దాకా వచ్చిన వాళ్ళే తక్కువ. ఒకే బోర్డు, ఒకే ట్యాక్స్ రేటు, ఒకే సూపరింటెండెంట్. మన పిల్లల మాస్టర్స్ వెనక కూమాన్ ట్యూషన్ ఫీజులు, సాయంత్రం మనం కూర్చోబెట్టి చేయించేవి ఎన్ని ఉన్నాయో మనకి తెలుసు. కాబట్టి డిస్ట్రిక్ట్ పనితనం చూడాలంటే ఇంట్లో అంత సాయం లేని పిల్లల లైను చూడాలి, నా అభిప్రాయం గట్టిగా ఇదే, గ్రూప్‌లో కొంతమందికి నచ్చలేదు కూడా.

క్యాండిడేట్ ఫోరం లైబ్రరీ హాల్లో జరిగింది, ప్రశ్నలు కార్డు మీద రాసివ్వాలి. కొందరు ట్యాక్స్ తగ్గిస్తామన్నారు, కొందరు స్కూళ్ళు మూయనివ్వం అన్నారు, రెండూ కలిపి చెప్పిన వాళ్ళూ ఉన్నారు. నేను రాసిచ్చింది, బౌండరీ మార్పు అయ్యాక ఆ హైవే అవతలి స్కూల్లో రీడింగ్ స్పెషలిస్ట్ (చదవడంలో వెనకబడిన పిల్లలకి సాయం చేసే టీచర్) పోస్టు ఉంచుతారా తీసేస్తారా అని. ఒకావిడ, రిటైరైన టీచర్, ఆ స్కూల్ పేరు చెప్పి, అక్కడ ఏ గ్రేడ్‌లో ఎంతమంది పిల్లలకి సాయం అందుతోందో కాగితం చూడకుండా గుర్తు మీదే చెప్పి, ఉంచాలి అంది. మన తెలుగాయన కూడా ఒకరు పోటీలో ఉన్నారు, ఇంకో ప్లేస్‌కి. మనవాడు కదా వేసేద్దాం అని గ్రూప్‌లో చాలామంది, నేను ఆయనకే ఫోన్ చేసి అదే ప్రశ్న అడిగా, అండీ మీరేమంటారు అని. ఆయన ఓపిగ్గా బడ్జెట్ షీట్ తీసి మాట్లాడారు, అమ్మా దీనికి డబ్బు ఫలానా చోట నుంచి తేవచ్చు అని చెప్పారు, ఆ తర్వాతే ఆయనకి వేయాలని నిర్ణయించుకున్నా.

ఎర్లీ వోటింగ్ ఏప్రిల్ 22 నుంచి 29 దాకా. లైసెన్స్ తీసుకుని వెళ్ళా. మన పేర్ల సంగతి తెలుసుగా, లైసెన్స్‌లో ఒకలా, ఓటర్ కార్డ్‌లో వెంకట విడిపోయి ఇంకోలా. అక్కడావిడ రెండూ చూసి, దాదాపు ఒకటే కాబట్టి ఇక్కడ ఇనీషియల్ పెట్టండి చాలు అంది, అంతే, దానికి భయపడి మానేయకండి. లోపల ఫోన్ వాడకూడదు, కానీ కాగితం మీద రాసుకున్నది తీసుకెళ్ళొచ్చు, నేను చీటీ రాసుకెళ్ళా. బయట వంద అడుగుల గీత దాటాకే ప్రచారం, అక్కడ టెంట్ల కింద ఎండలో ఆ రిటైర్డ్ టీచర్ గారు నిలబడి ఉన్నారు. బ్యాలెట్‌లో ముందు సిటీ సీట్లు, స్కూల్ బోర్డు కింద ఎక్కడో ఉంటుంది, చివరిదాకా వెళ్ళాలి.

మే 3 రాత్రి ఏడింటికి పోలింగ్ ముగిసింది, కాసేపటికి కౌంటీ సైట్‌లో ఎర్లీ ఓట్లు పెట్టారు. టీచర్ గారు గెలిచారు. మన తెలుగాయన కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు, ఆ తేడా కన్నా మా గ్రూప్‌లో ఓటు ఉండి వేయని వాళ్ళే ఎక్కువ ఉంటారు, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

గెలిపించాం కదా అని వదిలేస్తే లాభం లేదు, అసలు పని బడ్జెట్ దగ్గర. మీటింగ్ అజెండా ముందే పెడతారు, పబ్లిక్ కామెంట్‌కి పేరు రాయించుకుంటే మూడు నిమిషాలు ఇస్తారు. అజెండాలో లేని విషయం మాట్లాడితే బోర్డు చర్చించడానికి వీల్లేదు, ఓపెన్ మీటింగ్స్ చట్టం అది, అందుకే వాళ్ళు జవాబివ్వకపోతే పట్టించుకోలేదని అనుకోవద్దు, బడ్జెట్ అజెండాలో ఉన్న రోజే వెళ్ళాలి. మేం అలాగే వెళ్ళాం, నేను, మా వీధి స్వాతక్క, ఆ ఎలిమెంటరీలో పిల్లాడున్న ఒక మెక్సికన్ అమ్మ. ఆవిడ స్పానిష్‌లో మాట్లాడింది, వాళ్ళమ్మాయి ఇంగ్లిష్‌లో చెప్పింది, హాలంతా నిశ్శబ్దంగా విన్నది ఆవిడ మాటనే.

ఆ టైంలోనే రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో స్కూళ్ళ నిధుల బిల్లు, హౌస్ బిల్ 2, పాసైంది, దాదాపు 8.5 బిలియన్ డాలర్లు అన్నారు, పేపర్లో చదివి అందరం సంతోషించాం. అందులో ఎక్కువ భాగం టీచర్ల జీతాలకి కట్టేశారు, అయిదు వేల మంది పైన పిల్లలున్న డిస్ట్రిక్ట్‌లో మూడు నాలుగేళ్ళ అనుభవం ఉంటే 2,500, అయిదేళ్ళు, ఆపైన ఉంటే 5,000 డాలర్లు, అది చాలా అవసరం. కానీ దేనికైనా వాడుకోగలిగే బేసిక్ అలాట్‌మెంట్ పెరిగింది 55 డాలర్లే. అందుకే బౌండరీలు మార్చక తప్పలేదు, ఒక స్కూల్ మూసే మాట కూడా ఇంకా పోలేదు. రీడింగ్ స్పెషలిస్ట్ పోస్టు మాత్రం జూన్‌లో ఓటుకొచ్చినప్పుడు ఒక ఏడాదికి ఉంచారు.

ఆగస్టు 15న 2024, 2025 గ్రేడ్లు రెండూ కలిపి ఇచ్చారు, నేను ముందు ఆ స్కూల్ పేజీనే తెరిచా. థర్డ్ గ్రేడ్ రీడింగ్ కొంచెం మెరుగు, ఇంకా చాలా తక్కువ. హ్యూస్టన్‌లో ఒక్క వీట్లీ హైస్కూల్ ఏళ్ళ తరబడి ఫెయిలైందని 2023లో రాష్ట్రమే మొత్తం డిస్ట్రిక్ట్‌ని చేతిలోకి తీసుకుని, ఓటర్లు ఎన్నుకున్న బోర్డుని పక్కన పెట్టి తన మనుషుల్ని కూర్చోబెట్టింది, ఆ సంగతి మా ట్రస్టీలకీ తెలుసు, ఈసారి కలిసినప్పుడు గుర్తు చేస్తాను. ఆ రీడింగ్ స్పెషలిస్ట్ పోస్టు మళ్ళీ తర్వాతి బడ్జెట్‌లో ఓటుకొస్తుంది, స్వాతక్కా నేనూ బడ్జెట్ వర్క్‌షాప్‌లకి ముందు నుంచే వెళ్ళాలని అనుకున్నాం, ఆ మెక్సికన్ అమ్మ వాళ్ళ అపార్ట్‌మెంట్ వాళ్ళని తీసుకొస్తానంది. మీలో ఎవరికైనా ఓత్ అయిపోయి ఉంటే ఫారం ఇవాళే పోస్ట్ చేయండి, ఎవరికి పంపాలో తెలియకపోతే అడగండి, నేను చెప్తాను.