సెంట్రల్‌లో ఒంటరిగా దిగిన పిల్లాడికి ముందు కావలసింది తెలుగు వినే చెవి

చెన్నైకి తెలుగు పిల్లలు ఒంటరిగా రావడానికి పెద్ద ప్రయాణమేమీ అక్కర్లేదు. సూళ్లూరుపేటలో లోకల్ ఎక్కితే సెంట్రల్ పక్కనే ఉన్న మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌లో దించేస్తుంది. రిజర్వేషన్ ఉండదు, పేరు అడిగేవాళ్లుండరు. ఇంట్లో దెబ్బలు తిని వచ్చినవాడు, పని ఇప్పిస్తానంటే నమ్మి వచ్చినవాడు, నిద్రపట్టి దిగాల్సిన చోట దిగనివాడు, ముగ్గురూ ప్లాట్‌ఫారం మీద ఒకలాగే కనిపిస్తారు. ఎవరు ఏమిటో తేల్చడం మన పని కాదు.

మంచి మనసున్నవాళ్లు చేసే తప్పు ఒకటుంది. టికెట్ కొని, చేతిలో వంద పెట్టి, "ఇంటికెళ్లిపో నాన్నా" అని రైలెక్కించేస్తారు. వాడు పారిపోయి వచ్చింది ఆ ఇంటి నుంచే అయితే? పైగా దారిలో ఇంకెవరి చేతికి చిక్కుతాడో తెలియదు. జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 ప్రకారం తప్పిపోయినట్టో, దిక్కులేనట్టో కనిపించే పిల్లల్ని చేరదీసినవాళ్లు 24 గంటల్లో చైల్డ్‌లైన్‌కో (పిల్లల సహాయానికి ఉన్న ఫోన్), పోలీసులకో, పిల్లల సంరక్షణ చూసే చైల్డ్ వెల్ఫేర్ కమిటీకో తెలపాలి. తెలపకపోతే 6 నెలల వరకు జైలు, 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మీ ఇంట్లో నాలుగు రోజులు అన్నం పెట్టి ఉంచుకోవడం కూడా చట్టం దృష్టిలో సాయం కాదు.

చైల్డ్‌లైన్ నంబరు 1098కి ఫోన్ చేయండి. రాత్రీ పగలూ పలుకుతుంది, డబ్బులు పడవు. స్టేషన్‌లోనో రైల్లోనో అయితే రైల్వే సహాయ నంబరు 139, లేదా ఎదురుగా కనిపించే ఆర్పీఎఫ్ (రైల్వే రక్షక దళం) వాళ్లు. ప్లాట్‌ఫారం నంబరు, దగ్గర్లోని స్టాల్, వయసు సుమారుగా, చొక్కా రంగు, వెంట ఎవరైనా ఉన్నారా అన్నవి చెప్పాలి. "పిల్లాడు తెలుగు మాట్లాడుతున్నాడు, తెలుగు తెలిసినవాళ్లని పంపండి" అన్న మాట మాత్రం మరవద్దు. ఫోన్ పెట్టేసి మీ రైలుకి మీరు వెళ్లిపోతే సగం పని చెడినట్టే. వాళ్లు వచ్చేసరికి పిల్లాడు అక్కడ ఉండడు. అప్పగించేదాకా ఆగి, తీసుకున్నవాళ్ల పేరు, హోదా, సమయం రాసుకోండి. ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. పిల్లల గుర్తింపు బయటపెడితే 6 నెలల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. అంతకన్నా ముఖ్యం, ఆ ఫొటో చూసి "మావాడే" అంటూ వచ్చేవాళ్లలో పిల్లల్ని పనికి తెచ్చే ఏజెంటు కూడా ఉండొచ్చు.

రైల్లో ఐదారుగురు పిల్లల వెంట ఒక్క మనిషి ఉండి, ఏ ఊరికి పోతున్నారో పిల్లలకే తెలియక, ఏది అడిగినా అతనే జవాబిస్తుంటే అనుమానించాలి. నిలదీయొద్దు. సెంట్రల్‌కి ముందు బేసిన్ బ్రిడ్జి దగ్గర బండి నెమ్మదించినప్పుడు దింపుకుని పోవడం అతనికి చిటికెలో పని. బోగీ నంబరుతో 139కి చెప్పి, మామూలుగా కూర్చోండి.

పోలీసులు పిల్లాణ్ణి 24 గంటల్లో, ప్రయాణ సమయం మినహాయించి, కమిటీ ముందు హాజరుపరచాలి. కమిటీ కూర్చోని రోజైతే ఒక్క సభ్యుడి ముందైనా సరే. లాకప్పులో పెట్టడానికి లేదు. పిల్లాడి ఇల్లు, పరిస్థితుల మీద సామాజిక విచారణ నివేదిక 15 రోజుల్లో రావాలి. సొంత జిల్లాకి పంపాలని తేలితే ఎస్కార్ట్‌తో పంపుతారు, ఆడపిల్లైతే మహిళా పోలీసు వెంట ఉండాలి. "జైల్లో వేశారట" అని ఊళ్లో తల్లి ఏడుస్తుంటుంది. అది జైలు కాదని, పిల్లాణ్ణి విడిపించడానికి ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదని ఆమెకి తెలుగులో చెప్పేవాళ్లు కావాలి. వయసు మీద పేచీ వస్తే మొదట చూసేది స్కూలు సర్టిఫికెట్, అది లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువీకరణ పత్రం. ఏజెంట్లు ఆధార్‌లో వయసు పెంచి చూపొచ్చు కాబట్టి, తల్లిని బడికి వెళ్లి ఆ కాగితం తెమ్మనండి.

శ్రీలంక నుంచో, మయన్మార్ నుంచో వచ్చిన పిల్లలకీ ఇదే దారి. 1951 శరణార్థుల ఒప్పందంలో భారత్ లేదు గానీ, ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 1992 నుంచి ఉంది. జువెనైల్ జస్టిస్ చట్టం 'బిడ్డ' అంటే 18 నిండనివాళ్లు అంటుందే తప్ప పౌరసత్వం అడగదు.

ఇక అసలు చిక్కు భాషది. "మామ తీసుకొచ్చాడు" అంటాడు పిల్లాడు. మన ఊళ్లలో ముక్కూమొహం తెలియని మగవాణ్ణీ మామా అనే పిలుస్తాం. తమిళంలో అది మేనమామగా రాసేస్తే పనికి తెచ్చినవాడు కాగితం మీద బంధువైపోతాడు, రేపు వాడే వచ్చి సంతకం పెట్టి తీసుకుపోతాడు. అందుకే "ఏ మామ? అమ్మకి అన్నా, తమ్ముడా? ఎన్నాళ్లుగా తెలుసు?" అని అక్కడే అడగాలి. ఊరి పేరు కొత్తపల్లి అంటే లాభం లేదు, ఎన్ని కొత్తపల్లులో! బడి పేరు, సంత జరిగే ఊరు, ఊళ్లోకొచ్చే బస్సు బోర్డు మీద ఏముంటుంది, జాతర ఏ అమ్మవారికి, ఇలా అడిగితే మండలం దొరుకుతుంది.

దొరికాక కూడా జాగ్రత్త. తమిళ లిపిలో క, గలకి ఒకటే అక్షరం, ప, బలకీ అంతే. గూడూరు కూడూరవుతుంది, బాపట్ల పాపట్లవుతుంది. ఆ పేరుతో ఆంధ్రకి ఫోన్ వెళ్తే అలాంటి ఊరే లేదంటారు, ఫైలు అక్కడే ఆగుతుంది. జిల్లా బాలల సంరక్షణ యూనిట్లలో అనువాదకుల జాబితా ఉంటుంది, రెండు భాషలూ వచ్చినవాళ్లు అందులో పేరు రాయించుకోవచ్చు. పిలుపొచ్చి వెళ్లినప్పుడు పిల్లాడు అన్నది అన్నట్టే చెప్పండి, మీ ఊహ కలపొద్దు. సంతకం పెట్టేముందు ఊరు, మండలం, తండ్రి పేరు తెలుగు లిపిలో కూడా ఆ కాగితం మీదే రాయించండి.