డీకోడర్ లైసెన్సు కోసం పదమూడు నెలలు

దారి మధ్యలో ఉన్న నోడ్ (సమాచారాన్ని అందుకుని ముందుకు పంపే యంత్రం) తనకు అందిన ప్యాకెట్లను, అంటే సమాచారపు ముక్కలను, విడివిడిగా పంపకుండా కలిపి పంపితే, అదే నెట్‌వర్క్‌లో ఎక్కువ సమాచారం చేరగలదని 2000లో పరిశోధకులు ఆల్స్‌వీడ్, కాయ్, లీ, యూంగ్ నిరూపించారు. దీన్నే నెట్‌వర్క్ కోడింగ్ అంటారు. దాని నుంచి పుట్టిన, ప్యాకెట్లను యాదృచ్ఛికంగా ఎంచుకున్న గుణకాలతో కలిపే పద్ధతి అంటే నాకు మరీ ఇష్టం. కలిపిన ప్రతి ప్యాకెట్ ఒక సమీకరణం లాంటిది. ఇరవై ప్యాకెట్లను కలిపితే, ఇరవై స్వతంత్ర సమీకరణాలు అందితే చాలు, వాటిని సాధించి అసలు ప్యాకెట్లను తిరిగి ఇచ్చేదే డీకోడర్. ఏది దారిలో పోయిందన్న బెంగ ఉండదు.

వైర్‌లెస్ పరికరాలు చేసే మా చిన్న సంస్థలో దీన్ని సాఫ్ట్‌వేర్‌తో నడిపించాం. 256 మూలకాల క్షేత్రంలో (ఫలితం ఎప్పుడూ ఆ 256 విలువల్లోనే ఉండే లెక్కల పద్ధతిలో) గుణకారాలు, ఆ పైన సమీకరణాల సాధన కలిసి ప్రాసెసర్‌కు ఊపిరి ఆడనివ్వలేదు. ఒక విశ్వవిద్యాలయ బృందం అదే పనిని ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ను మనకు కావలసినట్టు అమర్చుకోగల చిప్) మీద హాయిగా చేసి చూపింది. ఆ డిజైన్ మాకు కావలసి వచ్చింది.

నేను ముందు ఆ బృందపు ప్రొఫెసర్‌గారికి రాశాను. హక్కులు తన చేతిలో లేవని, విశ్వవిద్యాలయ ఆవిష్కరణలకు లైసెన్సులిచ్చే టెక్నాలజీ బదిలీ కార్యాలయాన్ని అడగమని ఆయన చెప్పారు. గోప్యతా ఒప్పందం, ఆరు నెలల పరీక్షా లైసెన్సు తేలిగ్గానే అయ్యాయి.

చిక్కు డిజైన్ ఫైళ్లు తెరిచాక వచ్చింది. మెమొరీ కంట్రోలర్ ఫైలు మొదట్లో, వ్యాఖ్యల మధ్య, 'విద్యా ప్రయోజనాలకు మాత్రమే' అన్న ఒక్క వాక్యం ఉంది. అది బోర్డు తయారీదారు ఇచ్చిన కోడ్. విశ్వవిద్యాలయానికే లేని హక్కును అది మాకెలా ఇస్తుంది? ఆ రాత్రే పట్టిక మొదలుపెట్టాను. ఫైలుకో వరుస: ఎవరు రాశారు, అప్పుడు వారు ఉద్యోగా విద్యార్థా, జీతం ఏ గ్రాంటు నుంచి, లోపల ఎవరి కోడ్ ఉంది. మొత్తం నలభై మూడు ఫైళ్లు. గుణకార యూనిట్‌ను రాసింది కొన్నాళ్లు అతిథిగా వచ్చి వెళ్లిన విద్యార్థి. హక్కుల బదిలీ పత్రం మీద అతని సంతకమే లేదు. ప్రొఫెసర్‌గారు స్వయంగా అతన్ని వెతికి మాట్లాడారు. అతను సంతోషంగా సంతకం చేశాడు, రాయల్టీలో ఆవిష్కర్తల వాటా అతనికీ దక్కేలా రాశారు. ఆ మేలు నేను మరువలేను. మెమొరీ కంట్రోలర్‌ను మాత్రం మేమే మళ్లీ రాసుకున్నాం.

అసలు బేరం రాయల్టీ దేని మీద అన్నదగ్గర నడిచింది. కార్యాలయం పరికరం మొత్తం ధర మీద శాతం అడిగింది. మా పరికరంలో రేడియో, బ్యాటరీ, పెట్టె అన్నీ ఉన్నాయి, డీకోడర్ ఒక మూల. అది ఉన్న మాడ్యూల్ ధర మీదే లెక్క ఉండాలని పట్టుబట్టాను, మూడు నెలలు పట్టింది. బదులుగా అమ్మకాలున్నా లేకపోయినా కట్టే కనీస వార్షిక రుసుముకు ఒప్పుకున్నాం. ఇంకెవరికీ ఇవ్వకుండా మాకొక్కరికే ఇచ్చే ప్రత్యేక హక్కు అడగలేదు, మాకు దాని అవసరం లేదు. పరిశోధనకు, బోధనకు వాడుకునే హక్కు తమకే ఉండాలని వాళ్లు అడిగితే మనస్ఫూర్తిగా ఔనన్నాను.

ఇంకొకటి నన్ను నిజంగా భయపెట్టింది. డిజైన్ లైసెన్సు చేతిలో ఉన్నంత మాత్రాన, ఈ రంగంలో ఇతరులకున్న పేటెంట్ల నుంచి రక్షణ రాదు. పేటెంటు గడువు సాధారణంగా దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు కాబట్టి, ఏవి ముగిశాయో, ఏవి బతికున్నాయో న్యాయవాదితో కూర్చుని ఒక్కొక్కటీ చూశాం. ఈ ఖర్చును నేను మొదటి బడ్జెట్‌లో వేసి ఉండాల్సింది.

చివరికి సంతకాలయ్యాయి. పత్రాల్లో లేని మెళకువల కోసం ప్రొఫెసర్‌గారితో వేరే సలహా ఒప్పందం కూడా చేసుకున్నాం. ఆయన మా ల్యాబుకు వచ్చిన రోజు, ప్రసారం నడుస్తుండగా ఇరవై నాలుగు కలిపిన ప్యాకెట్లలో నాలుగింటిని కావాలనే పారేశాం. మిగిలిన ఇరవై నుంచి డీకోడర్ అసలు ఇరవైనీ తిరిగి ఇచ్చింది. ఆయన ఒక్క మాటా అనకుండా తెర మీది అంకెలను పైనుంచి కిందికి వేలితో చదువుకుంటూ వెళ్లారు.