హాలోవీన్‌కి పాత దెయ్యాల కామిక్స్: పని ఎంతవరకు వచ్చిందంటే

హాలోవీన్ ముందు శనివారం ఫ్రిస్కోలో మా ఇంటికి వచ్చే మిత్రులకు 1950ల నాటి అమెరికన్ హారర్ కామిక్స్ కథలు కొన్ని ప్రొజెక్టర్‌తో గోడ మీద వేసి, తెలుగులో చదివి వినిపించబోతున్నాను. కథల ఎంపిక అయిపోయింది. స్కాన్లు బాగుచేయడం సగం దాటింది. చదవాల్సిన తెలుగు ప్రతి ఇంకా రాస్తూనే ఉన్నాను. ఇలాంటి సరదా మీకూ ఉంటే పనికొస్తుందని, తెలిసినంత మేరకు ఇక్కడ రాసిపెడుతున్నాను.

ముందు కథల సంగతి. హారర్ కామిక్స్ అనగానే ఎవరైనా ఈసీ కంపెనీ పేరే చెబుతారు. విలియం గెయిన్స్, ఆల్ ఫెల్డ్‌స్టీన్ 1950లో మొదలుపెట్టిన ఆ వరసంటే నాకూ ప్రాణం. గ్రాహమ్ ఇంగెల్స్ గీసిన ముసలి మొహాలు, ఆ చొంగ కారే నోళ్లు ఒకసారి చూస్తే మరచిపోలేం. కానీ వాటి హక్కులు ఇంకా చెల్లుతున్నాయి కాబట్టి రీప్రింట్ పుస్తకాలు కొనుక్కుని చదువుకోవాల్సిందే. మిగతా కంపెనీల్లో చాలావాటికి ఆ ఇబ్బంది లేదు. 1964కు ముందు అమెరికాలో అచ్చయినవాటికి 28వ ఏట హక్కును రెన్యూ చేయించుకోవాలి. మూతబడ్డ చిన్న కంపెనీల తరఫున ఆ పని చేసేవాళ్లే లేకపోయారు. అలా అందరి సొత్తయిన సంచికల్ని ‘డిజిటల్ కామిక్ మ్యూజియం’, ‘కామిక్ బుక్ ప్లస్’ వెబ్‌సైట్లు ఉచితంగా ఇస్తున్నాయి.

నేను ఎక్కువగా హార్వీ కంపెనీ సంచికల మీద పడ్డాను. ముద్దొచ్చే కుర్రదెయ్యం కాస్పర్ కామిక్స్ వేసింది ఈ కంపెనీయే. అదే రోజుల్లో, 1951 నుంచి 1954 దాకా, ‘విచెస్ టేల్స్’, ‘చేంబర్ ఆఫ్ చిల్స్’, ‘బ్లాక్ క్యాట్ మిస్టరీ’ కూడా వేసింది. వీటికి రావాల్సినంత పేరు రాలేదని నా గట్టి అభిప్రాయం. వాటికి బొమ్మలు గీసిన బాబ్ పావెల్ పేజీ చూడండి: నల్ల సిరా ఎక్కడ ముద్దగా వెయ్యాలో, ఎక్కడ ఖాళీ వదలాలో ఆయనకు తెలిసినట్టు ఆ రోజుల్లో చాలామందికి తెలియదు. ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేసిన హోవర్డ్ నోస్ట్రాండ్ తర్వాత సొంతంగా గీసిన కథలు ఈసీ కథల పక్కన పెట్టినా వెలవెలబోవు. ఇక 1954 నాటి ‘బ్లాక్ క్యాట్ మిస్టరీ’ 50వ సంచిక అట్ట. లీ ఎలయాస్ బొమ్మ. రేడియం తగిలి ఒక మనిషి ముఖం, చేతులు చర్మంతో సహా కరిగి జారిపోతుంటాయి. ఆ అట్టను పిల్లలు పడుకున్నాకే గోడ మీద వేస్తాను. వాళ్లు మేలుకుని ఉన్నంతసేపూ 1948లో మొదలైన ‘అడ్వెంచర్స్ ఇంటూ ది అన్‌నోన్’ నుంచి ఒక మెత్తని దెయ్యం కథ.

ఎంపికకు ఒక తేలిక గుర్తు ఉంది. అట్ట మీద కుడివైపు పైమూల తపాలా బిళ్ల ఆకారంలో కామిక్స్ కోడ్ ముద్ర (ప్రచురణకర్తలు తమకు తామే పెట్టుకున్న నియమాలకు లోబడిందన్న గుర్తు) ఉంటే ఆ సంచిక పక్కన పెట్టేయొచ్చు. కామిక్స్ పిల్లల్ని చెడగొడుతున్నాయా అని 1954 ఏప్రిల్‌లో సెనేట్ ఉపసంఘం న్యూయార్క్‌లో విచారణ జరిపింది. నరికిన తల ఉన్న అట్టను సెనేటర్ కెఫావర్ చూపించి అడిగితే, హారర్ కామిక్‌కి అది తగిన అట్టేనని గెయిన్స్ సమాధానమిచ్చాడు. అక్టోబర్‌కల్లా ప్రచురణకర్తలే కోడ్ రాసుకున్నారు. పేర్లలో ‘హారర్’, ‘టెర్రర్’ అన్న మాటలు, కథల్లో రక్తపిశాచాలు, నడిచే శవాలు నిషిద్ధమయ్యాయి. అట్ట మీద వేసే నెల అసలు అమ్మకానికి వచ్చిన నెలకన్నా తర్వాతిది కాబట్టి, 1955 మొదటి నెలల తేదీ చూసి సంచికను వదిలేయకండి. ముద్ర ఉందో లేదో చూడండి.

ఇప్పుడు అసలు పని. ఈ కథల్లో భయమంతా పేజీ తిప్పే క్షణంలో ఉంటుంది. చివరి పేజీ అడుగున కుడి మూల గడిలో అసలు రహస్యం ఉంటుంది. పుస్తకం చేతిలో ఉంటే కన్ను మెల్లగా అక్కడికి చేరుతుంది. గోడ మీద ఆరడుగుల బొమ్మ వేస్తే, నేను మొదటి వాక్యం చదివేలోపే అందరూ ముగింపు చూసేస్తారు. అందుకే చివరి పేజీని అడ్డంగా మూడు వరసలుగా కత్తిరించి వేర్వేరు ఫైళ్లు చేస్తున్నాను: 07ఏ, 07బీ, 07సీ. రెండంకెల్లోనే పేర్లు పెట్టాలి. లేకపోతే కామిక్స్ చూపించే కొన్ని యాప్‌లు 2కు ముందు 10ని చూపిస్తాయి. దించుకున్న ఫైలు సీబీజెడ్ (కామిక్స్ పేజీల్ని ఒకచోట కట్టే ఫైలు రకం) అయితే అది నిజానికి జిప్ ఫైలే. పేరు చివర జిప్ అని మార్చి విప్పుకుని, కత్తిరించాక మళ్లీ జిప్ చేసి సీబీజెడ్ అంటే చాలు.

రంగుల దగ్గర తొందరపడకూడదు. చవక కాగితం పసుపెక్కి, వెనక పేజీ అచ్చు ముందుకు కనిపిస్తుంటుంది. బొమ్మలు సరిచేసే జింప్ సాఫ్ట్‌వేర్‌లో లెవెల్స్ (వెలుగునీడలు సర్దే చోటు) తెరిచి తెలుపు వైపు కొద్దిగా లాగితే ఆ మరక తగ్గుతుంది. పూర్తిగా తెల్లబరిస్తే మాత్రం మనుషుల ఒంటి రంగు పాలిపోతుంది. ఎందుకంటే ఆ గులాబి రంగు నిజానికి తెల్ల కాగితం మీద దూరదూరంగా వేసిన ఎర్ర, పసుపు చుక్కలే. సైజు తగ్గించేటప్పుడు అసలు ఫైలు నుంచి ఒకేసారి 1920 పిక్సెళ్లకు తగ్గించండి. రెండు మూడు విడతలుగా తగ్గిస్తే ఆ చుక్కలు కలిసి అలల్లా తేలతాయి. సొంతంగా స్కాన్ చేసేవాళ్లు పేజీ వెనక నల్ల కాగితం పెడితే సగం బాధ తీరుతుంది.

అట్ట ఊడిపోయిన హార్వీ సంచిక ఒకటి అసలు కాగితంలోనే కొన్నాను. అట్టలేనివి బాగా తక్కువకు దొరుకుతాయి. చదువుకోవడానికి అదే మేలు. ఇప్పటి కామిక్స్ దాచుకునే ప్లాస్టిక్ కవర్లు దానికి ఇరుకు. పాత కామిక్స్‌కి సరిపడే ‘గోల్డెన్ ఏజ్’ సైజు కవరు, ఆమ్లం లేని అట్టముక్క అడిగి తీసుకోవాలి. మధ్యలో రెండు పేజీలు బొమ్మల్లేని ఉత్త కథ ఉంది. పత్రికలకిచ్చే తక్కువ తపాలా రేటు దక్కాలంటే అంత వచనం ఉండి తీరాలి కాబట్టి అప్పటి కామిక్స్‌లో దాదాపు అన్నిటిలోనూ అది కనిపిస్తుంది. చాలామంది దాన్ని దాటేస్తారు. నేను ఆ రాత్రికి దాన్నీ చేర్చాను, దీపాలన్నీ ఆర్పి, ప్రొజెక్టర్ కూడా ఆపేసి ఒక్క టార్చి వెలుగులో చదవడానికి.

ఏడు పేజీల కథ గట్టిగా చదివితే పదిహేను నిమిషాలు పడుతోంది. కాబట్టి గంటన్నరకు నాలుగు కథలు, ఆ వచన కథ. మధ్యలో టీ. పావెల్ కథను చివరికి పెట్టాను. దాని ఆఖరి పేజీ కత్తిరింపు, రెండు కథల తెలుగు ప్రతి మిగిలాయి.