ఒక మనాత్ నోటు మీది తార్

అజర్‌బైజాన్ రాజధాని బాకూలో దిగిన రోజు టీ కొట్టువాడిచ్చిన చిల్లరలో ఒక మనాత్ నోటు వచ్చింది. దాని మీద ఏ నాయకుడి బొమ్మా లేదు. మీటి వాయించే తార్, కమానుతో వాయించే కెమాంచె, కంజిరలాంటి గవాల్ అనే మూడు వాద్యాలున్నాయి. గాంధీగారికి అలవాటుపడ్డ కళ్లు కదా, కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను.

మర్నాడు ఇచెరిషెహెర్ పాతకోట సందుల్లో తిరుగుతుంటే, ఒక చిన్న గదిలో తార్‌లు చేసే పెద్దాయన కనిపించాడు. మల్బరీ చెక్క తొలిచి ఎనిమిది అంకెలా చేసిన బుర్ర, దానికి అక్రోటు చెక్క దండి. బుర్ర మీద పల్చటి పొర బిగించి ఉంది. ఏమిటా అని వేలు పెట్టాను. పశువు గుండె చుట్టూ ఉండే పొర అని సైగ చేసి చెప్పాడు. చటుక్కున వేలు వెనక్కి తీసుకున్నా. మన మృదంగానికి మూసేదీ తోలే కదా అని గుర్తొచ్చాక సిగ్గేసింది.

బొబ్బిలి వీణకు మెట్లు మైనంలో కూర్చి ఉంటాయి. ఇక్కడ మెట్లను దండికి తీగలా చుట్టి ముడేస్తారు, కావాలంటే కాస్త జరపొచ్చు. మన హార్మోనియంలో దొరకని స్వరాలు ఆ మెట్ల మధ్య సందుల్లోనే ఉంటాయి.

ఇరాన్‌లో తార్‌కు ఆరు తీగలు, ఒడిలో పెట్టుకుని వాయిస్తారు. ఇక్కడిది పదకొండు తీగలది. 19వ శతాబ్దంలో షుషా ఊరి సాదిఖ్‌జాన్ తీగలు పెంచి, వాద్యాన్ని ఒళ్లోంచి ఛాతీ మీదికి ఎత్తాడట. ఎత్తితే ఏమిటి లాభం అనుకున్నాను.

ఆ సాయంత్రం సముద్రం ఒడ్డున ముగాం సెంటర్‌లో తెలిసింది. ముగాం అంటే వాళ్ల శాస్త్రీయ సంగీతం. మన రాగంలాంటి సెగాహ్ అందుకున్నారు. గాయకుడు గవాల్‌ను చెంపకు ఆనించుకుని గొంతు పైకి తీసుకెళ్లి ఆపాడు. తార్ వాయించేవాడు అదే పలుకు తీగ మీద తిరిగి పలికించి, చివరి స్వరం దగ్గర వాద్యాన్నంతా గుండెకు హత్తుకుని చిన్నగా ఊపాడు. స్వరం వణికింది. మన కచేరీలో గమకం వేలితో వేస్తారు, ఇతను ఒంటితో వేశాడు.

బయట ఒకటే గాలి. టీ తాగి అయిదు మనాత్‌లు ఇచ్చాను. చిల్లరలో ఇంకో తార్ వచ్చింది.